తెరమీది దూరం, దారిలోని దూరం: బిలాస్‌పూర్ నుంచి విశాఖకు విమానం ఎంతసేపు?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వారు కొలువుల కోసం ఇటు వచ్చి స్థిరపడ్డారు. ఇప్పుడు ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్ర కార్యాలయం ఉన్న ఈ ఊళ్లో తెలుగు మాట్లాడే ఇళ్లకు కొదవ లేదు. పండక్కో పెళ్లికో సొంతూరు వెళ్లాలంటే ఈ ఇళ్లలో లెక్క అందరికీ తెలిసిందే: సాయంత్రం రైలెక్కితే మర్నాడు ఉదయం విశాఖ.

కానీ "నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చాం, వెంటనే బయలుదేరు" అని ఫోను వచ్చిన రోజున ఆ లెక్క చాలదనిపిస్తుంది. చేతిలోని ఫోనులో రెండు ఊళ్ల పేర్లు కొడతాం. "దూరం 500 కి.మీ., విమాన సమయం 1 గంట 8 నిమిషాలు" వంటి జవాబు క్షణంలో వస్తుంది. రైలు లెక్క చూస్తే దూరం సుమారు 640 కి.మీ. ఒకే రెండు ఊళ్ల మధ్య 140 కి.మీ. తేడా ఎలా వచ్చింది? గంటా ఎనిమిది నిమిషాల్లో నిజంగా చేరగలమా?

ఆ రెండు అంకెల్లో ఏదీ తప్పు కాదు. అవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఏ అంకె ఏ ప్రశ్నకు జవాబో తెలిస్తే, తొందరలో తీసుకునే నిర్ణయం తప్పకుండా ఉంటుంది. ఆ లెక్కలు ఎలా వస్తాయో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒక డిగ్రీ అంటే 111 కిలోమీటర్లు

ముందు సులువైన ఉదాహరణతో మొదలుపెడదాం. బిలాస్‌పూర్ రేఖాంశం సుమారు 82.15 డిగ్రీల తూర్పు. కాకినాడ రేఖాంశం సుమారు 82.24 డిగ్రీలు. అంటే ఈ రెండు ఊళ్లూ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. బిలాస్‌పూర్‌లో నిలబడి తిన్నగా దక్షిణం వైపు గీత గీస్తే అది కాకినాడ దగ్గర సముద్రాన్ని తాకుతుంది.

బిలాస్‌పూర్ అక్షాంశం 22.1 డిగ్రీలు, కాకినాడది 17 డిగ్రీలు. తేడా 5.1 డిగ్రీలు. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కి.మీ. దాన్ని 360 డిగ్రీలతో భాగిస్తే ఒక్కో డిగ్రీకి 111 కి.మీ. వస్తుంది. 5.1ని 111తో గుణిస్తే 566. అంటే బిలాస్‌పూర్ నుంచి కాకినాడకు సరళ దూరం సుమారు 570 కి.మీ. కాగితం, పెన్సిలు ఉంటే చాలు.

ఈ 111 అనే అంకె ఊహలోంచి పుట్టలేదు. మన నేల మీదే గొలుసులు పరిచి, కొండల మీద దుర్భిణి యంత్రాలు నిలిపి దాన్ని కొలిచారు. 1802 ఏప్రిల్‌లో మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ ఆధార రేఖను కొలవడంతో ఆ పని మొదలైంది. తరువాత 78వ రేఖాంశం వెంట దక్షిణ కొస నుంచి ఉత్తరానికి, దక్కను మీదుగా సాగిన ఆ త్రిభుజాల వరుసకే 'గ్రేట్ ఆర్క్' అని పేరు. లాంబ్టన్ 1823లో ఆ పని మీద ఉండగానే హింగన్‌ఘాట్ వద్ద మరణించారు. జార్జి ఎవరెస్ట్ దాన్ని హిమాలయాల పాదాల దాకా తీసుకువెళ్లారు. ఉత్తరానికి పోయేకొద్దీ ఒక డిగ్రీ పొడవు కొద్దికొద్దిగా పెరుగుతుందని ఇలాంటి కొలతల వల్లే రూఢి అయింది. భూమధ్యరేఖ దగ్గర అది 110.6 కి.మీ., ధ్రువాల దగ్గర 111.7 కి.మీ. కారణం, భూమి పూర్తి గోళం కాదు, ధ్రువాల దగ్గర కొంచెం అణిగి ఉంటుంది. 500 కి.మీ. ప్రయాణంలో ఈ తేడా ఒకటి రెండు కిలోమీటర్లకు మించదు కాబట్టి మన లెక్కకు 111 సరిపోతుంది.

తూర్పు పడమరల డిగ్రీ కురచ

విశాఖపట్నం బిలాస్‌పూర్‌కు తిన్నగా దక్షిణాన లేదు. కొంచెం తూర్పుగా జరిగి ఉంది. దాని అక్షాంశం 17.7, రేఖాంశం 83.25 డిగ్రీలు. అక్షాంశాల తేడా 4.4 డిగ్రీలు, రేఖాంశాల తేడా 1.1 డిగ్రీలు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. రేఖాంశాలు భూమధ్యరేఖ దగ్గర దూరదూరంగా ఉండి, ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి. ఒలిచిన బత్తాయి తొనల అంచులు చూడండి: నడుమ వెడల్పు, కొసల్లో ఒకటైపోతాయి. అందుకే తూర్పు పడమరల డిగ్రీ పొడవు అక్షాంశాన్ని బట్టి మారుతుంది. భూమధ్యరేఖ మీద 111 కి.మీ. ఉన్నది మన 20 డిగ్రీల అక్షాంశం దగ్గర సుమారు 104.6 కి.మీ. ఉంటుంది. 60 డిగ్రీల అక్షాంశానికి చేరువగా ఉన్న ఓస్లో, హెల్సింకి వంటి ఐరోపా నగరాల దగ్గర అది దాదాపు 56 కి.మీ. మాత్రమే. భారతదేశం, ఐరోపా పక్కపక్కన ఉన్న గోడ పటంలో వేలితో కొలిచి "ఇక్కడ ఇంత కాబట్టి అక్కడా అంతే" అనుకుంటే సగానికి సగం తప్పు పోవచ్చు.

ఇప్పుడు లెక్క పూర్తి చేద్దాం. దక్షిణం వైపు 4.4 డిగ్రీలు అంటే 488 కి.మీ. తూర్పు వైపు 1.1 డిగ్రీలు అంటే 115 కి.మీ. ఇవి లంబకోణ త్రిభుజంలో రెండు భుజాలు. వాటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే కర్ణం దొరుకుతుంది. ఎనిమిదో తరగతిలో నేర్చుకునే పైథాగరస్ సూత్రమే. జవాబు సుమారు 501. ఫోను తెర మీద కనిపించిన 500 కి.మీ. ఇదే. అంటే ఆ అంకె రెండు బిందువుల మధ్య భూమి ఉపరితలం వెంట బిగించి లాగిన దారం పొడవు. ఆ దారం కింద కొండ ఉందా, అడవి ఉందా, దారి ఉందా అన్నది దానికి పట్టదు.

దారం వంకరగా కనిపించేది ఎప్పుడు?

ఐదొందల కిలోమీటర్లకు నేలను చదునుగా అనుకున్నా నష్టం లేదు. వేల కిలోమీటర్లకు అలా కుదరదు. గోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి మహావృత్తం వెంట ఉంటుంది. భూమి కేంద్రం మీదుగా కోస్తే వచ్చే వృత్తాన్ని మహావృత్తం అంటారు. గోడ పటం మీద అదే దారి వంగిన విల్లులా కనిపిస్తుంది.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు నేరుగా నడిపిన తొలి విమానం దీనికి మంచి ఉదాహరణ. కెప్టెన్ జోయా అగర్వాల్, కెప్టెన్ పాపగారి తన్మయి తదితర మహిళా పైలట్లే దాన్ని నడిపి ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా తీసుకువచ్చారు. పటం చూస్తే పసిఫిక్ దాటి పడమరకు రావాలి అనిపిస్తుంది. మరి ధ్రువం వైపు ఎందుకు వెళ్లారు? ఆ రెండు నగరాల రేఖాంశాల తేడా దాదాపు 200 డిగ్రీలు. అంటే భూగోళంలో ఒకటి ఇటు పక్క, ఒకటి అటు పక్క. అలాంటప్పుడు నడినెత్తి మీదుగా పోవడమే దగ్గర దారి.

మన 111తోనే సరిచూడవచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కో అక్షాంశం 37.6 డిగ్రీలు కాబట్టి అక్కడి నుంచి ధ్రువానికి 52.4 డిగ్రీలు. ధ్రువం నుంచి బెంగళూరుకు 76.8 డిగ్రీలు. మొత్తం 129 డిగ్రీలు, అంటే సుమారు 14,300 కి.మీ. ఆ రెండు నగరాలూ సరిగ్గా ఎదురెదురు రేఖాంశాల మీద లేవు కాబట్టి అసలు మహావృత్త దూరం కొంచెం తక్కువ, దాదాపు 14,000 కి.మీ.

పట్టా ఎందుకు చుట్టు తిరుగుతుంది?

ఇక రైలు దగ్గరకు వద్దాం. బిలాస్‌పూర్ నుంచి విశాఖకు వెళ్లే రైలు మొదట నైరుతి దిక్కుగా రాయపూర్‌కు పోతుంది. అది 110 కి.మీ. విశాఖ ఆగ్నేయంగా ఉంటే రైలు తొలి అడుగే పక్కకు వేస్తోందన్నమాట. అక్కడి నుంచి మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగా విశాఖ చేరుతుంది. మొత్తం సుమారు 640 కి.మీ. సరళ దూరంతో పోలిస్తే 28 శాతం ఎక్కువ.

ఆ అదనం అంతా వృథా కాదు. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద తేలికగా దొర్లుతుంది. అదే గుణం ఎత్తు ఎక్కేటప్పుడు అడ్డవుతుంది, చక్రం జారుతుంది. అందుకే రైలు దారికి వాలు చాలా తక్కువ ఉండాలి. నూరు మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు ఎక్కడం అన్నది బరువైన గూడ్సు బండ్లకు గట్టి వాలే. తూర్పు కనుమలను అడ్డంగా దాటాలంటే ఆ వాలుతో తిన్నగా పోవడం కుదరదు. లోయల వెంట, నదుల వెంట మెలికలు తిరగాలి. రాయగడ దగ్గర రైలు దారి నాగావళి లోయను ఆశ్రయించడం ఇందుకే.

చరిత్ర కూడా దారిని వంచుతుంది. రాయపూర్–విజయనగరం మార్గం 1931లో పూర్తయింది. మధ్య పరగణాల సరుకును అప్పట్లో కడుతున్న విశాఖ రేవుకు చేర్చడం దాని ముఖ్య ఉద్దేశం. రేవు 1933లో మొదలైంది. ఆ మార్గం రాయపూర్ నుంచి బయలుదేరింది కాబట్టి బిలాస్‌పూర్ వాళ్లు ఈనాటికీ రాయపూర్ చుట్టి వెళ్లాలి.

కొండను చుట్టకుండా తొలుచుకుంటూ పోతే దూరం తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. రాయపూర్ సమీపం నుంచి విశాఖ దగ్గరి సబ్బవరం వరకు తలపెట్టిన ఆరు వరుసల కొత్త రహదారి పొడవు 464 కి.మీ. ఆ రెండు కొసల మధ్య సరళ దూరం 390 కి.మీ. వరకు ఉంటుంది. అంటే అదనం 19 శాతమే. కొండల్లో సొరంగాలు వేస్తున్నందువల్లే అది సాధ్యమవుతోంది.

విమానం కూడా గీత గీసినట్టు పోదు

ఆకాశంలో కొండలు అడ్డం రావు కదా, విమానం దారం లాగినట్టే పోతుందనుకుంటాం. అలా జరగదు. విమానం గాలికి ఎదురుగా పైకి లేవాలి, గాలికి ఎదురుగానే దిగాలి. ఎదురుగాలి వల్ల తక్కువ నేల వేగంతోనే రెక్కలకు చాలినంత ఎత్తుడు బలం దొరుకుతుంది. దక్షిణానికి పోవలసిన విమానం గాలిని బట్టి ఉత్తరం వైపు లేచి, తిరిగి రావలసి ఉంటుంది. తరువాత కంట్రోలర్లు చెప్పిన మార్గ బిందువుల మీదుగా, ముందు వెనుక విమానాలకు తగిన ఎడంతో వెళ్లాలి. రక్షణ దళాల గగనతలం ఉంటే తప్పుకోవాలి. విశాఖ విమానాశ్రయమే నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలో భాగం. అక్కడ పౌర విమానాలు, నౌకాదళ విమానాలు ఒకే రన్‌వే వాడుకుంటాయి. ఈ మలుపులన్నీ కలిస్తే 500 కి.మీ. కాస్తా ఇంకొన్ని పదుల కిలోమీటర్లు పెరుగుతుంది.

గంటా ఎనిమిది నిమిషాలు ఎలా వచ్చింది?

దూరం లెక్కించి చూపే చాలా కార్యక్రమాలు విమాన సమయానికి ఒక చిన్న కిటుకు వాడతాయి. జెట్ విమానం వేగం గంటకు 800 కి.మీ. అనుకుని దూరాన్ని దానితో భాగిస్తాయి. ఎక్కడానికి, దిగడానికి అరగంట కలుపుతాయి. 500ను 800తో భాగిస్తే 38 నిమిషాలు. అరగంట కలిపితే 1 గంట 8 నిమిషాలు. అంతే. ఆ రెండు ఊళ్ల మధ్య అసలు విమానం తిరుగుతోందా, తిరిగితే ఏ రకం విమానం అన్నది ఆ లెక్కలో లేదు. ఏ రెండు ఊళ్ల పేర్లు ఇచ్చినా, విమానాశ్రయమే లేని పల్లె పేరు ఇచ్చినా, అది ఒక సమయం చెబుతుంది.

విమానం రకాన్ని బట్టి జవాబు మారుతుంది. చిన్న విమానాశ్రయాలకు ఎక్కువగా వచ్చేది ఏటీఆర్ 72 అనే పంకాల విమానం. దాని వేగం గంటకు సుమారు 500 కి.మీ. అప్పుడు 500 కి.మీ.కు గాలిలోనే గంట కావాలి. ఎక్కుదల, దిగుదల, నేల మీద నడక కలిస్తే గంటన్నర దగ్గరవుతుంది.

టికెట్ మీద ముద్రించే సమయం మరొకటి. విమానం నిలిచి ఉన్నప్పుడు చక్రాలు దొర్లకుండా ముందు వెనుక దిమ్మలు పెడతారు. ఆ దిమ్మలు తీసి విమానం కదిలిన క్షణం నుంచి, గమ్యంలో ఆగి మళ్లీ దిమ్మలు పెట్టే క్షణం వరకు ఉన్న కాలాన్ని 'బ్లాక్ టైమ్' అంటారు. రన్‌వే దాకా నడక, వరుసలో నిరీక్షణ, దిగాక మళ్లీ నడక అన్నీ ఇందులో ఉంటాయి. గాలిలో ఉన్న సమయం దీనిలో ఒక భాగం మాత్రమే. అందుకే టికెట్ మీది సమయం ఎప్పుడూ గాలిలోని సమయంకంటె ఎక్కువ.

గాలి బాకీ తీరదు

గాలి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. విమానం వేగం అంటే చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే దాని వేగం. ఆ గాలే కదులుతుంటే నేలతో పోలిస్తే వేగం మారిపోతుంది. ఏటి ప్రవాహంలో పడవకు వాలు, ఎదురు ఉన్నట్టే ఇదీ.

చలికాలంలో ఉత్తర భారతం మీద పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి ఏరు పారుతుంది. దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. అందుకే ఆ రోజుల్లో కోల్‌కతా నుంచి ఢిల్లీ వెళ్లే విమానానికి, ఢిల్లీ నుంచి కోల్‌కతా వచ్చే విమానంకంటె ఎక్కువ సేపు పడుతుంది. బిలాస్‌పూర్–విశాఖ దారి ఉత్తర దక్షిణంగా ఉంది కాబట్టి పడమటి గాలి పక్క నుంచి తగులుతుంది, తేడా తక్కువ.

పోయేటప్పుడు పోయిన సమయం వచ్చేటప్పుడు తిరిగి దక్కుతుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. గంటకు 500 కి.మీ. వేగం గల విమానం 500 కి.మీ. దూరం పోయి తిరిగి రావాలి. గాలి లేకపోతే రానుపోను 120 నిమిషాలు. దారి వెంట గంటకు 100 కి.మీ. గాలి ఉందనుకోండి. ఎదురుగాలిలో వేగం 400, సమయం 75 నిమిషాలు. వాలుగాలిలో వేగం 600, సమయం 50 నిమిషాలు. మొత్తం 125. ఐదు నిమిషాలు నష్టమే. ఎందుకంటే ఎదురుగాలిలో విమానం ఎక్కువ సేపు ఉంటుంది, సాయపడే గాలిలో తక్కువ సేపు ఉంటుంది.

గడియారం చేసే మోసం

దేశం దాటితే మరో చిక్కు ఉంది. విమానం బయలుదేరే వేళను బయలుదేరే ఊరి గడియారంతో, చేరే వేళను చేరే ఊరి గడియారంతో రాస్తారు. పారిస్ గడియారం లండన్ గడియారంకంటె గంట ముందుంటుంది. అందుకని లండన్ నుంచి పారిస్‌కు గంటా పావు ప్రయాణం వేళాపట్టికలో రెండుంబావు గంటలుగా కనిపిస్తుంది. తిరుగు ప్రయాణం పావుగంటగా కనిపిస్తుంది. ఇందాక చెప్పుకున్న శాన్‌ఫ్రాన్సిస్కో విమానం అక్కడ జనవరి 9 రాత్రి బయలుదేరి బెంగళూరులో 11వ తేదీ తెల్లవారుజామున దిగింది. ప్రయాణం మాత్రం సుమారు 17 గంటలే. మిగిలింది రెండు గడియారాల మధ్య ఉన్న పదమూడున్నర గంటల తేడా.

మన దేశంలో ఈ చిక్కు లేదు. 82.5 డిగ్రీల రేఖాంశం దగ్గరి సూర్యుణ్ని బట్టి దేశమంతటికీ ఒకే సమయం పెట్టుకున్నాం. ఆ రేఖ బిలాస్‌పూర్‌కు, కాకినాడకు కొద్ది దూరంలో తూర్పుగా పోతుంది. ఒక డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్కిస్తే, సగటున బిలాస్‌పూర్ సూర్యుడు భారత ప్రామాణిక కాలానికి నిమిషన్నర లోపే వెనకబడి ఉంటాడు.

ఇంటి గడప నుంచి ఆసుపత్రి గడప దాకా

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. ఫోను వచ్చింది, త్వరగా చేరాలి.

బిలాస్‌పూర్‌కు విమానాశ్రయం ఉంది. ఊరికి దగ్గర్లోని చకర్‌భాఠా వద్ద రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్‌ను బాగుచేసి, ఊరికి పేరిచ్చిందని చెప్పుకునే బిలాసా దేవి కేవట్ పేరు పెట్టారు. స్థానికులు ఎంతో కాలం ఆందోళన చేశాక, హైకోర్టులో వ్యాజ్యాలు నడిచాక, 2021 మార్చి 1న అలయన్స్ ఎయిర్ ఏటీఆర్ విమానాలు ఢిల్లీ వైపు మొదలయ్యాయి. రన్‌వే సుమారు 1,500 మీటర్లు. ఏటీఆర్‌కు అది చాలు. నిండుగా ప్రయాణికులతో వచ్చే పెద్ద జెట్‌కు రెండు వేల మీటర్లకు పైగా కావాలి. పైగా అప్పట్లో వచ్చిన లైసెన్సు పైలట్ కంటితో చూసి నడిపే నియమాలకు పరిమితం. అలాంటి చోట సాధారణంగా 5 కి.మీ. దాకా కనిపించాలి. పొగమంచు పడినా, జోరు వాన కురిసినా విమానం ఆగిపోతుంది. రాత్రి దిగే వసతి కావాలని ఊరివాళ్లు గట్టిగా అడగడానికి కారణం ఇదే. ఫోను తెర మీది గంటా ఎనిమిది నిమిషాల్లో ఇవేవీ లేవు.

రాయపూర్ నుంచి వెళ్లాలనుకుంటే గడప నుంచి లెక్క ఇలా ఉంటుంది. రోడ్డు మీద రాయపూర్ విమానాశ్రయానికి రెండు గంటల ముప్పావు. తనిఖీలు, నిరీక్షణ గంటా ముప్పావు. విశాఖకు నేరుగా విమానం దొరికితే గంటా పావు. సామాను తీసుకుని ఆసుపత్రికి ముప్పావు గంట. మొత్తం ఆరున్నర గంటలు. వేరే నగరంలో విమానం మారవలసి వస్తే ఇంకా ఎక్కువ.

రైలుకు దాదాపు పద్నాలుగు గంటలు. సగటు వేగం గంటకు 46 కి.మీ. మాత్రమే. అయినా ప్రతిసారీ విమానమే ముందు చేరదు. ఫోను సాయంత్రం వచ్చిందనుకోండి. ఆ రోజుకు విమానం లేకపోతే, మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు బయలుదేరేదే దిక్కయితే, తెల్లవారుజామున ఐదుకు ఇల్లు వదిలి పదకొండున్నరకు చేరతారు. ఆ సాయంత్రమే కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ అందుకుంటే, అది వేళకు నడిస్తే, అంతకు ముందే విశాఖలో దిగుతారు. ఉదయం ఫోను వస్తే మాత్రం విమానానిదే పైచేయి. తేడా వేగంలోకంటె బయలుదేరే వేళలో ఉంది.

ఐరోపాలోనూ ఇదే అనుభవం. లండన్–పారిస్ సరళ దూరం 344 కి.మీ. విమానానికి గంటా పావు చాలు. కానీ 1994లో తెరిచిన 50 కి.మీ. పొడవైన ఇంగ్లిష్ ఛానల్ సొరంగం గుండా పోయే రైలు, నగరం నడిబొడ్డు నుంచి నడిబొడ్డుకు దాదాపు రెండు గంటల ఇరవై నిమిషాల్లో చేరుస్తుంది. విమానాశ్రయాలు ఊరి బయట ఉండటం వల్ల అక్కడ ఎంతోమంది రైలునే ఎంచుకుంటారు.

మీరే చేసి చూడండి

బడిలో భూగోళం నమూనా ఉంటే ఒక దారం తీసుకోండి. హైదరాబాద్ మీద ఒక కొస, అమెరికాలోని షికాగో మీద ఒక కొస పెట్టి బిగించండి. దారం ఎంత ఉత్తరంగా పోతుందో గమనించండి. అదే రెండు ఊళ్లను గోడ పటం మీద స్కేలుతో కలిపి చూడండి. రెండు దారులు ఎంత వేరో అర్థమవుతుంది.

రైల్లో వెళ్తున్నప్పుడు పట్టాల పక్కన కిలోమీటరు రాళ్లు చూడండి. విద్యుత్ తీగలున్న మార్గంలో స్తంభాల మీద కూడా కిలోమీటరు అంకె, దాని కింద స్తంభం వరుస అంకె రాసి ఉంటాయి. ఒక కిలోమీటరు దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 3,600ను ఆ అంకెతో భాగించండి. 45 సెకన్లు పడితే రైలు వేగం గంటకు 80 కి.మీ. కాసేపటికి బండి ఎక్కడో ఆగుతుంది. సగటు వేగం 46కు ఎందుకు పడిపోయిందో అప్పుడు మీకే తెలుస్తుంది.

ఇకపై దూరం గురించి, విమాన సమయం గురించి తెర మీద ఏ అంకె కనిపించినా నాలుగు ప్రశ్నలు వేయండి. ఇది సరళ దూరమా, దారి దూరమా? ఈ సమయం లెక్కగట్టిందా, వేళాపట్టికలో ఉన్నదా? ఎక్కడి నుంచి ఎక్కడికి, విమానాశ్రయం నుంచా, ఇంటి నుంచా? తరువాతి బండి ఎప్పుడు? ఈ నాలుగింటికీ జవాబులు దొరికాక ఎందులో వెళ్లాలో తేల్చుకోవడం కష్టం కాదు.